తెరకు అవతలి పక్క

మా చిన్నాయన పోయిన సంగతి నాకు మనిషెవరూ చెప్పలేదు. ఫోన్ చెప్పింది, అది కూడా మోగకుండా. సరుకు కోసమని కర్నూలుకు పోయి, అంగడి ముందర టీ తాగతా స్టేటస్‌లు ఒక్కొక్కటే తోస్తాంటే మా తమ్ముడు, అంటే చిన్నాయన కొడుకు, పెట్టిన ఫొటో వచ్చింది. చుట్టూ గులాబీ పూల చట్రం, నడిమధ్య ఎటో చూస్తా నవ్వుతాండే చిన్నాయన. మావోడు పుట్టినరోజుకూ పెండ్లిరోజుకూ పండగకూ ఆ ఒక్క చట్రమే వాడతాడు. కింద రాసింది చదవకుండానే నేనొక కేకు బొమ్మ, రెండు బుడగలు పంపిచ్చినా. గ్లాసు కింద పెట్టి మళ్లీ చూస్తే 'ఓం శాంతి' అని ఉండాది. కేకును చెరిపేసినా. చెరిపేసినట్టు కూడా చూపిస్తాది కదా ఆ పాడు ఫోను. ఊరందరినీ ఆట పట్టిచ్చి బతికినోన్ని. నన్ను ఆ గులాబీ పూలు ఆట పట్టిచ్చినాయి.

నిద్దర్లోనే గుండె ఆగిపోయిందంట. ఆదోని బస్సెక్కి వచ్చేసరికి చిన్నమ్మ ఆయన తలకాడ కూచోని, ఆయన చొక్కా గుడ్డను రెండు వేళ్లతో నలుపుతాండాది. అది ఆమె అలవాటు కాదు, ఆయనది. బట్టల మూట సైకిలుకు కట్టుకొని ఆలూరు, పత్తికొండ సంతలు తిరిగి గుడ్డలమ్మిన మనిషి. ఎవరితో మాట్లాడినా ముందు వాళ్ల చొక్కా అంచు పట్టుకొని నలిపి, "దీన్ని రెండుసార్లు ఉతికితే జల్లెడైతాదప్పా" అని చెప్పి, తరవాత బాగుండావా అని అడిగేటోడు. కొత్త పెండ్లికొడుకుల్ని కూడా వదిలింది లేదు.

నా చిన్నప్పుడు మా పక్కకు టూరింగ్ టాకీసు వచ్చేది. డేరా, గుంజలు, ఒక కొసన తెల్లగుడ్డ తెర. ఆ గుడ్డ ఇచ్చింది మా చిన్నాయనే. పన్నా వెడల్పు చాలక రెండు ముక్కలు కలిపి కుట్టిచ్చినాడు. ఆ కుట్టు సరిగ్గా తెర నడుమ అడ్డంగా వచ్చె. దాంతో మేము చూసిన హీరోలందరికీ గొంతు మీద గాటు ఉండేది, హీరోయిన్లకు అదనపు హారం. గుడ్డ ఇచ్చినోడని టెంటు సావుకారి ఆయన్ను ఊరికే లోపలికి పంపేటోడు, కుర్చీ కూడా వేస్తాననేటోడు. ఈయన మాత్రం తెర పక్కనుంచి అవతలికి పోయి, స్పీకరు పెట్టె కాడ ఇసకలో కూచునేటోడు. పల్చటి గుడ్డ కాబట్టి బొమ్మ అవతలికీ కనపడేది, ఎడమ కుడైపోయి.

నేనూ ఆయన వెంబడి పోయేటోన్ని. అవతలినుంచి చూస్తే హీరో ఎడమ చేత్తో కొడతాడు, గడియారం కుడి చేతికి కడతాడు. పేర్లు తిరగబడి పడతాంటే చిన్నాయన పెదాలు కదిలిస్తా కూడబలుక్కొని చదివేటోడు. ఆయన బడికి పోయింది తక్కువ. సగం చదువు అట్ల తిరగబడ్డ అక్షరాల్లోనే వచ్చింది. ఈడెందుకు కూచుంటావు చిన్నాయనా అని ఒకతూరి అడిగితే, గాలొస్తాది, కాళ్లు సాపుకోవచ్చు అన్నాడు. తెర మీదినుంచి చూపు తిప్పకుండానే ఇంకో మాట చెప్పినాడు.

"ముందర కూసుంటే మతికుండదురా. ఈడినుంచి చూస్తే ఇది గుడ్డేనని తెలుస్తాంటాది."

చిన్నమ్మ ముందర ఆడోళ్లలో కూచునేది. రావే, ఈడ జాగా ఉండాది అని ఈయన పిలిస్తే తల తిప్పుకొనేది. మొగుడు యాడున్నాడని ఎవరన్నా అడిగితే బొమ్మ వెనకాల ఉన్నాడని చెప్పుకోవాల్సి వస్తాందని ఆమె బాధ.

ఒకతూరి ఆట నడుమ గాలిదుమారం లేసి తెరగుంజ విరిగి ఆయన మీద పడింది. ఎడమ కనుబొమ్మ రెండుగా చీలింది. జనమంతా బయటికి ఉరికితే చిన్నమ్మ ఒక్కతే తెర కిందినుంచి దూరి అవతలికి పోయి, కొంగు చించి కట్టింది. ఇంట్లో పసుపు అద్దింది, మానేదాకా అద్దతానే ఉండె. ఆ జాగాలో మళ్లీ వెంట్రుకలు మొలవలేదు. నీ మొగానికి కూడా నడుమ కుట్టు పడె చిన్నాయనా అని నేను ఏడిపిస్తే, "గుడ్డా నాదే, గాటూ నాదే, నీకేమి నొప్పిరా?" అనేటోడు.

టెంట్లు పోయినాక కర్నూలులో కొత్తగా పెట్టిన ఏసీ హాలుకు నేనే తీసుకపోయినా. ఇంటర్వెల్లో లేచి, మెట్లు దిగి, నేరుగా తెర కాడికి పోయినాడు. అంచు పట్టుకొని రెండు వేళ్లతో నలిపి చూసి, వెనక్కు తొంగి చూసినాడు. టార్చిలైటు మనిషి అరిస్తే వచ్చి నా పక్కన కూచున్నాడు.

"రేయ్, దీనికి ఎనక గోడ ఉండాది."

"ఉంటే ఇప్పుడేమాయ?"

"ఏం కాలేదులే. ఇంగ నేను యాడ కూసోవాలా అని."

నేను పడీపడీ నవ్వినా. ఆ తరవాత ఆయన సినిమాకు రాలేదు. మూట కట్టడం కూడా మానుకొని, సాయంత్రమైతే ఆదోని బస్టాండు కాడ నా సెల్ అంగడికి వచ్చేటోడు. నేను పదో తరగతి రెండుసార్లు రాసి, దాని పాపాన దాన్ని వదిలేసినోన్ని. ఫోన్లకు పగిలిన అద్దాలు మారుస్తా, గార్డులు అతికిస్తా. చిన్నాయనకొక స్టూలు. కుడిచేతి గోడకు ఆనిచ్చి, నాకు కుడిపక్కన. ఆడినుంచి ఆయనకు ఫోన్ల వీపులు, ఫోన్లు చూసేవాళ్ల మొగాలు కనపడేవి. టెంట్లో మాదిరే అవతలి పక్క.

ఇంట్లోవాళ్లతో మాట్లాడే మొగం వేరు, బయటివాళ్లతో మాట్లాడే మొగం వేరు అనేటోడు. "ఆ పిల్లోని నవ్వు చూడు, పెండ్లామైతే అన్ని పండ్లు బయటపెట్టడు" అని నా చెవిలో చెప్పి కిసుక్కుమనేటోడు. నేను చేతిలోని ఫోన్ మీదినుంచి తలెత్తకుండానే ఊ కొడతాంటి. ఆ స్టూలు మీద అన్ని సాయంత్రాలు కూచున్న మనిషి మొగం ఎట్లుండేదో చెప్పమంటే, ఎదురుగా చూసినోళ్లు చెప్పాల. పక్కనున్నోనికి తెలీదు.

ఈడ మీకొక సంగతి చెప్పాల. సెల్ఫీ తీసుకునేటప్పుడు ఫోన్ మనకు అద్దం మాదిరి చూపిస్తాది. తీసినాక కొన్ని ఫోన్లు దాన్ని తిప్పి, ఎదుటివాళ్లకు మనం ఎట్ల కనపడతామో అట్ల దాచిపెడతాయి. అది చూసి జనం నా మొగం వంకరపోయింది, ఫోన్ చెడిపోయింది అని అంగడికి వస్తారు. పుట్టినప్పటినుంచి అద్దంలో చూసుకున్నదే కదా వాళ్లకు తెలిసిన మొగం. వివరం చెప్పే ఓపిక నాకు లేదు. అద్దంలో మాదిరే దాచిపెట్టమని ఫోన్‌కు చెప్పి ఇచ్చేస్తా. చేతులెత్తి మొక్కి పోతారు. ఆ లెక్కన మా ఊర్లో సగం మొగాలు నేను తిప్పినవే. నా ఫోన్ కూడా అంతే.

ఒక మధ్యాన్నం చిన్నాయన గడ్డం గీసుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చినాడు. చిన్నమ్మ ఫొటో అడుగుతాందంట, మంచిగా ఒకటి తీయమన్నాడు. నేను ఊరుకుంటానా? ముందు పిల్లి చెవులు, మీసాలు పెట్టి తీసి చూపిచ్చినా. "ఈ పిల్లి ఎవురింటిదిరా, పాలు తాగిన మొగంగా ఉండాది" అని నవ్వినాడు. ఆ నవ్వు నవ్వుతాండగానే, బేరగాళ్లు నిలబడి ఉన్నారని, ఉన్న చోటినుంచే ఆయన ఎడమపక్కకు వంగి చెయ్యి చాపి సెల్ఫీ తీసేసినా.

"నీ మొగమెందుకురా మీ చిన్నమ్మకు?"

"నన్ను కోసేస్తాలే చిన్నాయనా."

ఇంకోటి మంచిది తరవాత తీస్తా అన్నా. ఆ తరవాత రాలేదు.

ఆయన పోయినాక ఫ్లెక్సీకి ఫొటో కావాల్సొస్తే, నేరుగా చూస్తా నవ్వినది అదొక్కటే దొరికింది. ఫ్లెక్సీవాడు నన్ను కోసేసినాడు గానీ పూరాగా కోయలేదు. కొసన నా సగం చెవి మిగిలింది. వెనక మంచుకొండలు, పావురాళ్లు. మా చిన్నాయన జన్మలో చూడని మంచు అది. కింద వరసగా నల్లద్దాలు పెట్టుకున్న మా దాయాదుల ఫొటోలు. చూసినోళ్లకు పోయింది ఎవరో, పోటీకి నిలబడింది ఎవరో తెలీదు. ఆ ఫ్లెక్సీని వాళ్లింటి ముందర, వీధికి మొగం పెట్టి, అరుగుకు అడ్డంగా కట్టినారు.

చిన్నదినం నాడు పూలహారం తెచ్చి ఆ బొమ్మకు వేయబోతే చిన్నమ్మ అడ్డం వచ్చె.

"దానికెయ్యొద్దు. అది మీ చిన్నాయన కాదు."

బంధువులంతా బిత్తరపోయినారు. మా తమ్ముడు నచ్చజెప్పబోతే, కనుబొమ్మ గాటు పక్క మారిందని ఒకటే మాట. యాడ మారిందమ్మా, కుడి పక్కే కదా ఉండేది అన్నాడు వాడు. కడపలో ఉద్యోగం, నాయన్ను ఎక్కువగా ఫోన్‌లోనే చూసినోడు. వచ్చినోళ్లను అడిగితే ప్రతి ఒక్కరూ ఒకసారి ఫ్లెక్సీ వైపు చూసి, కుడి పక్కే అన్నారు. ఆమె చివరికి నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పురా. దినామూ పక్కన కూసుంటివి గదా."

నేనూ ఫ్లెక్సీ వైపే చూసినా. కుడి పక్కే చిన్నమ్మా అన్నా.

"నువ్వు కూడానారా? పసుపు అద్దిన చెయ్యి ఇది. దీనికి తెలీదా?"

పంచలో మగోళ్లు గుసగుస మొదలుపెట్టినారు. దిగులుతో మతి చెడిందని, దినాలైనాక కర్నూలులో డాక్టరుకు చూపించాలని. మా తమ్ముడు కండ్లు తుడుచుకుంటా తలూపుతాండాడు. సొంత మొగుని మొగం తప్పు చెప్తాందని ఒక మనిషిని పిచ్చిదాన్ని చేసేదానికి ఆ పొద్దు అందరం సిద్ధమైనాం. అందులో నేనూ ఉన్నా.

బయటికొచ్చి ఊరికే ఆ ఫ్లెక్సీ ముందర నిలబడినా. దిగులు పడే మొగం నాకు సరిగ్గా రాదు, అందుకని నా సగం చెవిని చూస్తా నిలబడినా. అది చిన్నాయనకు కుడిపక్కన ఉండాది. కుడిపక్కన నేనెట్ల ఉంటా? ఆయన కుడిపక్క గోడ కదా. నేను వంగింది ఎడమకు.

అప్పుడు తెలిసింది. గాటు మారలేదు. మొగమే మారింది, నా చెవితో సహా.

నా ఫోన్ ఆ ఫొటోను అద్దంలో మాదిరి తిప్పి దాచిందని లోపలికి పోయి అందరి ముందరా చెప్పినా. మా తమ్ముడు చాలాసేపు నా ఫోన్‌నే చూసి, "నాకు కూడా తెలీకపాయె గదన్నా" అన్నాడు. డాక్టరు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మతి చెడింది చిన్నమ్మకు కాదు.

ఫోన్‌లో ఫొటోను తిప్పి ఆమె చేతికిచ్చినా. దగ్గరికి పెట్టుకొని, దూరం పెట్టుకొని చూసింది. "దీంట్లో నా మొగమే కనపడతాంది గదరా" అని వెనక్కిచ్చె. ఆ గార్డు నేను అతికిచ్చిందే. అద్దం మాదిరి మెరుస్తాది అని చెప్పి అమ్ముతా దాన్ని. పెద్ద ఫ్లెక్సీ కొత్తది కొట్టియ్యమని పోతే, ఎవరో నాయకుని పుట్టినరోజంట, ఊర్లో మిషన్లన్నీ ఆయన నవ్వునే కొడతాండాయి. రెండు దినాలు ఆగమన్నారు.

ఆ మాట చెప్పేదానికి సాయంత్రం చిన్నమ్మ ఇంటికి పోయినా. ఆమె అరుగు మీద స్టూలేసుకొని కూచోనుండాది. ఎదురుగా ఫ్లెక్సీ వీపు. అవతలినుంచి పడమటి ఎండ నేరుగా దాని మీద పడతాండె. నాసిరకం ఫ్లెక్సీ, పల్చగా, వెలుతురంతా ఇవతలికి దిగింది. ఆ వెలుతురులో చిన్నాయన. కొంచెం మసకగా, ఎడమ కనుబొమ్మ మీద గాటుతో.

ఆమే పక్కన చోటు చూపిచ్చింది.

"చూడు, ఇప్పుడు సరిగ్గా ఉండాడు."

అక్షరాలన్నీ తిరగబడినాయి చిన్నమ్మా, కొత్తది వస్తాది, రెండు దినాలు ఓర్చుకో అన్నా.

"అచ్చరాలు తిరగబడితే నాకేమిరా. సరిగ్గా ఉన్నా నాకు రావు గదా." ఫ్లెక్సీ మీదినుంచి చూపు తిప్పకుండానే అనింది. "ఎనక జాగా ఉండాది రావే అని ఎన్నితూర్లు పిలిచె. ఆడోళ్లు నగుతారని పోకపోతి."

కొత్త ఫ్లెక్సీ వచ్చింది. చుట్ట విప్పకుండానే అటక మీద పెట్టమనింది. దినాలు కూడా అయిపోయినాయి. పాతది తీసేయమని వీధిలో ఇద్దరు ముగ్గురు అన్నారు గానీ ఆమె నోటికి జడిసి మళ్లీ అడగలేదు. ఎండకు వెలిసి మా దాయాదుల నల్లద్దాలు ఎర్రబడినాయి, పావురాళ్లు మంచులో కలిసిపోయినాయి. నేను అంగడి పెందలాడే మూసి, ఫోన్ గల్లాపెట్టెలో పడేసి పోతాండా. అరుగు మీద ఆమె పక్కన కూచుంటా. ఆమె అప్పుడప్పుడు ఫ్లెక్సీ అంచు పట్టుకొని రెండు వేళ్లతో నలుపుతాది.

ఎండ దిగేదాకా ఆయన ఉంటాడు. ఎడమ కనుబొమ్మ, దాని మీద గాటు, ఆ పక్కనే కొసన నా సగం చెవి, ఆ మధ్యాన్నం నేను వంగిన పక్కనే. తరవాత ప్లాస్టిక్కు నల్లబడతాది. చిన్నమ్మ స్టూలెత్తుకొని లోపలికి పోతాది.