కొసరు వేగం

కార్వేటినగరంలో ఎనిమిది గంటల తిరుపతి బస్సు ఎక్కేసరికే నాకు సగం కోపం వచ్చి ఉంది. మర్నాడు మధ్యాహ్నం మా ఊరి భారతం ఉత్సవంలో అర్జున తపస్సు. మా చిన్నాయన అర్జునుడి వేషంలో ఎత్తైన తపస్సు మాను ఎక్కుతూ మెట్టుమెట్టుకూ పద్యం పాడతాడు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి గనుక ఇదే ఆఖరుసారి అన్నాడు. ఆ పాటను నా ల్యాప్‌టాప్‌లో దాచాలని నా పట్టుదల. సరిగ్గా ఆ వారమే దాని హార్డ్‌డిస్క్ టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. మాను దగ్గర కరెంటు ఉండదు. బ్యాటరీ ముసలిది, పాటకన్నా కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది, అంతే. అందుకే, పాటను ఆగకుండా తనలో రాసుకుంటూ పోయినా తక్కువ కరెంటు తినే డిస్కు కావాలి. ల్యాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని, చూపించడానికి పాత డిస్కును విప్పి జేబులో పెట్టుకున్నాను.

పక్కసీటులో మల్లెపూల గంపతో ఒక అవ్వ. "పాట కోసరం తిరపతి దాకా పోతాండావా? ఇంకో దినం పాడించుకోరాదా?"

"ఇంకోనాడు మాను ఎక్కలేడవ్వా."

"అట్లయితే పో నాయనా. బేరం మాత్రం మరవొద్దు."

అంగట్లో పుట్టి పెరిగిన నాకా ఆ సలహా!

పది గంటలకు తిరుపతి. బస్టాండు ఎదుట రెండు ఇడ్లీలు తిని, మూడోసారి చట్నీ పోయించుకుని, ఆటోవాడు రేటు దిగకపోతే నడిచాను.

మొదటి షాపులో, రాసేటప్పుడు ఇది ఎంత కరెంటు తింటుందని అడిగాను. "ఎన్ని పాటలు పడతాయో అడగండి సార్, చెప్తా" అన్నాడు.

రెండో షాపువాడు ఇంకా ఘనుడు. "ఇది బాగా ఆదా సార్. పనిలేనప్పుడు నిద్రపోతాది."

"మా చిన్నాయన మాను మీదుంటే ఇది ఎట్ల పండుకుంటాదప్పా?"

ఒళ్ళు మండింది. పావుకిలో కందిపప్పు అమ్మే మా నాయన కూడా ఏ పప్పు ఎంతసేపు ఉడుకుతుందో చెప్పేవాడు. వేలు పోసి కొనే వస్తువు ఎంత తింటుందో అమ్మేవాడికి తెలియదట! పైగా అడిగినవాణ్ణి పిచ్చివాణ్ణి చూసినట్టు చూడటం.

మూడో షాపు యజమాని డిస్కు మీది చీటీ చదివి, నెమ్మదిగా తిరిగే రకం ఒకటి తీశాడు. సరిగ్గా నాకు కావలసిందే. ధర తగ్గించమంటే ససేమిరా అన్నాడు. "సరే, కొసరేమిస్తావు?" అన్నాను అలవాటుగా. అతను తల గోక్కుని దాన్ని లోపల పెట్టి ఇంకొకటి తీశాడు. "అదే రేటుకు దీన్ని తీసుకోప్పా. వేగం ఎక్కువ. ఇదే నీకు కొసరు."

కొసరును కాదనడం మా వంశంలో లేదు. బిగించడానికి వేరే కూలి అడిగితే, రెండు స్క్రూలకు కూలేమిటని డబ్బా పట్టుకుని బయటపడ్డాను.

ఒంటిగంట బస్సు వడమాలపేటలో ఆగింది. జామకాయలామె కిటికీ దగ్గరికి వచ్చింది. ఆమెను ఆగమని, నా లాభాన్ని కళ్ళారా చూసుకుందామని డబ్బా విప్పాను. జేబులోని పాత డిస్కు పక్కన పెట్టి చీటీలు చూస్తే, కొత్తది తినే కరెంటు దానికి రెట్టింపు! ఎక్కువ వేగంగా తిరిగేది ఎక్కువే తింటుంది మరి. అర్జునుడు సగం మాను ఎక్కకముందే నా పెట్టె కన్నుమూస్తుంది. గబగబా దిగాను.

"కాయలు కొనేదానికి బస్సే దిగినావా అన్నా?" అందామె. కొనకుండానే తిరుపతి బస్సెక్కాను.

"తక్కువ తినేది అడిగితే ఎక్కువ తినేది అంటగడతావా?" అని షాపులో అరిచాను.

"నువ్వే గదప్పా కొసరడిగినావు! కొసరు ఎనక్కి తెచ్చినోణ్ణి ఇప్పుడే సూస్తాండా."

అందరూ నవ్వారు. నెమ్మది డిస్కుకు పైసా తగ్గించలేదు. అయినా ఊరుకుంటానా? ఈసారి బిగింపునూ, సాఫ్ట్‌వేర్ ఎక్కించడాన్నీ కొసరుగా రాబట్టాను. అక్కడి కరెంటుతోనే బ్యాటరీ నింపుకున్నాను.

సాయంత్రం బస్సు కదలగానే రికార్డింగ్ మొదలుపెట్టాను. ఈ ప్రయాణమూ ఇంచుమించు ఆ పాటంత. వడమాలపేటలో అదే జామకాయలామె. "మళ్ళా వచ్చినావా? ఈసారన్నా కొంటావా?" కొన్నాను. కార్వేటినగరంలో దిగేటప్పటికీ బ్యాటరీలో కాస్త ప్రాణం మిగిలే ఉంది.

నా వెనక డిస్కు కొనడానికి వెళ్ళేవాళ్ళకు ఒక్కటే మాట. ఎంత పడుతుంది, ఎంత పరిగెత్తుతుంది అని వాళ్ళు చెప్పేది వినండి. రాస్తున్నప్పుడు ఎంత తింటుందో మాత్రం మీరే అడగండి. చెప్పలేనివాడి దగ్గర కొనకండి.

బస్టాండులో చిన్నాయన ఎదురుచూస్తున్నాడు. ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో పెట్టాను. బస్సు రొద, కండక్టరు కేక, తర్వాత స్పష్టంగా నా గొంతు: "ఇంకొక కాయ కొసరెయ్యక్కా."

"బాగానే పడిండాది" అన్నాడు చిన్నాయన. "రేపు నా పాటలో గూడా నీ బేరం ఇనపడిందా, తపస్సు ఇడిసిపెట్టి దిగొచ్చి తంతా."