టైపు వదిన చెప్పిన వంకర పాఠాలు

కోర్టు ఎదురుగా, మెట్ల కింద అలమారంత గది. అందులో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక స్టూలు, ఆ స్టూలు మీద టైపు వదిన. అర్జీలూ అఫిడవిట్లూ ఆమె వేళ్ళ కింద నుంచే కోర్టు మెట్లెక్కేవి. ప్లీడర్లంతా ఆమెను వదినా అనే పిలిచేవారు, అలా పిలిస్తే తమ కాగితం ముందు అవుతుందని. వాళ్ళు నోటికొచ్చింది చెబుతుంటే దానికి తలా తోకా అతికించేది ఆమే. వీళ్ళకంటే నాకేం తక్కువ అన్న మాట ఆమె లోపల ఏళ్ళుగా కుంపటిలా రాజుకుంటూనే ఉంది. నల్లకోటు ఎదురుపడితే ముందు కోటు కుట్టు చూసేది, తరవాతే మొహం.

అందుకే లా కాలేజీ ప్రవేశ పరీక్షకు కట్టింది. సాయంకాలం కాలేజీ, పని మానక్కర్లేదు. ఇంట్లో ఎవరూ కాదనలేదు. కాదనకపోగా, అప్పుడే డిగ్రీ ముగించిన ఆడపడుచు తానూ రాస్తానంది. అక్కడ పడింది పేచీ. తుంటి విరిగి మంచంలో ఉన్న అత్తగారిని సాయంత్రాలు ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. మొగుడు బస్సు డ్రైవరు, అతను ఇల్లు చేరేసరికి వీధంతా భోంచేసి ఉంటుంది. మంచి ర్యాంకు వచ్చినవాళ్ళు కాలేజీకి, రెండోవాళ్ళు అమ్మ దగ్గర అని అతనే తేల్చేసి చేతులు దులుపుకున్నాడు.

టైపు వదిన నవ్వుకుంది. కోర్టు గడప తొక్కని పిల్లా తనకు పోటీ అనుకుంది.

ఇద్దరూ కలిసి చదవడానికి కూర్చున్న మొదటి ఆదివారమే ఆ నవ్వు ఆరిపోయింది. ఆ పరీక్షలో మెలిక ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ముందు ఒక నియమం ఇస్తారు, కింద ఒక సంగతి చెబుతారు. ఆ నియమం ప్రకారమే తీర్పు చెప్పాలి. అనుమతి లేకుండా పరాయి ఆవరణలో కాలు పెట్టినవాడు నేరస్థుడు అన్నది నియమం. కుక్క తరిమితే ఒక ముసలాయన పక్కింటి గేటు తోసుకుని లోపలికి పోయాడు. నేరమా, కాదా? కోర్టులో ఇలాంటి కేసులు ఎన్ని కొట్టేయడం చూడలేదు అనుకుని వదిన కాదు అని పెట్టింది. ఆడపడుచు నేరమే అని పెట్టింది. జవాబు చూస్తే నేరమే.

"నియమంలో కుక్క లేదుగా వదినా. లేనిది మనం కలపకూడదు, అంతే," అంది ఆ పిల్ల, జడ అల్లుకుంటూ.

జడ అల్లుకుంటూ అనడమే వదినకు మింగుడుపడలేదు. తనేమో ప్రతి ప్రశ్నలోనూ జడ్జిగారి విసుగూ గుమాస్తా గొణుగుడూ వాయిదాలూ చూసేది. చూసినవన్నీ కలిసి తప్పు జవాబుకే ఈడ్చుకెళ్ళేవి. ఆ పిల్లకు ఇవేవీ తెలియవు, హాయిగా సరైనది పెట్టేసేది. ఆ తెలియకపోవడం మీదే వదినకు కడుపుమంట. పిల్ల పెన్సిల్ పట్టే తీరు, పేజీ తిప్పుతూ తీసే కూనిరాగం, ఏదీ గిట్టకుండా పోయింది.

నమూనా పేపర్లు వదినే గదిలో ప్రింటు తీసి తెచ్చేది. జవాబులు తన దగ్గరే ఉంచుకుని తనే దిద్దేది. ఒకనాడు ఆడపడుచు ఒక ప్రశ్న దగ్గర ఆగింది. అప్పగించిన వస్తువు పోతే పుచ్చుకున్నవాడిదే బాధ్యత అని నియమం. ఇస్త్రీ కొట్టులో ఇచ్చిన చీర వరదకు కొట్టుకుపోయింది.

"నిజం కోర్టులో అయితే ఏమంటారు వదినా?"

"వరదొస్తే వాడేం చేస్తాడే? పేపరు తయారుచేసేదీ లాయర్లేగా. పైకి కనబడే జవాబు పెట్టేవాళ్ళను పట్టుకోవడానికే ఈ మెలికలన్నీ," అంది వదిన. ఆ కాగితం మీద తప్పు జవాబుకే రైటని ఎర్రగా మార్కు వేసి ఇచ్చింది.

ఆ పిల్ల నమ్మింది. అప్పటినుంచి రోజూ పాఠమే. ఈ ఇంట్లో మందులకంటే వాదనలే ఎక్కువ మింగుతున్నానని అత్తగారు మంచంలోంచి దెప్పేది. అయితే పక్కదారి పట్టించాలంటే అసలు దారి తెలియాలి కదా. పాఠానికి ముందు వదిన తన గదిలో కూర్చుని జవాబుల కాగితం మూసిపెట్టేది. ప్రశ్నలోంచి జడ్జినీ గుమాస్తానూ బయటికి నెట్టి, ఉత్త నియమం ఏమంటుందో పట్టుకునేది. తరవాత దానికి అడ్డంగా నిలిచే కథ ఒకటి అల్లుకునేది. అలా అల్లుతూ అల్లుతూ తన తప్పులు ఎప్పుడు పోయాయో ఆమెకే తెలియలేదు.

ర్యాంకులొచ్చాయి. వదినది పైన, ఆడపడుచుది ఎక్కడో అడుగున. తమ్ముడి పెళ్ళిలో కూడా అంత నవ్వని టైపు వదిన ఆ వేళ ప్లీడర్లందరికీ వినబడేలా నవ్వింది.

కాలేజీ మొదలైన రోజు సాయంత్రం ఆడపడుచు తల్లి పక్కదుప్పటి మారుస్తూ, తలెత్తకుండానే అంది.

"పరీక్ష పెట్టినవాళ్ళు జవాబులు బయట పెట్టారు, చూశాను. నువ్వు చెప్పినట్టు రాసినవన్నీ పోయాయి వదినా. పొరపాటున కూడా ఒక్కటి సరిగ్గా చెప్పలేదు నువ్వు. తెలియనివాళ్ళకు అప్పుడప్పుడైనా సరైనది తగులుతుంది."

వదిన చేతిసంచి అటూ ఇటూ మార్చుకుంది. "మీ అన్నయ్యతో అన్నావా?"

"అనలేదు. వచ్చే ఏడు మళ్ళీ రాస్తాను, నీ పాఠాలు లేకుండా. సీటొస్తే నేను వెళ్తాను. సాయంత్రాలు అమ్మ దగ్గర ఉండేది నువ్వే. సరేనా?"

సరే అంది వదిన. భయం తరవాత వచ్చింది, సిగ్గు ఇంకా తరవాత. అన్నిటికంటే ముందు వచ్చింది ఆ పాత మంటే. సాక్షి లేడు, కాగితం లేదు, గొంతు పెంచలేదు. తను టైపు కొట్టిపెట్టిన ప్లీడర్లలో ఒక్కడైనా మనిషిని ఇంత శుభ్రంగా బోనెక్కించాడా? సీటు తన చేతిలో ఉంది. ఆ నేర్పు మాత్రం ఆ పిల్ల దగ్గరుంది.

వెళ్ళొస్తానని చెప్పి ఇంటి మెట్లు దిగింది. పైన ఆ పిల్ల ఏదో అంటే అత్తగారు పకపకా నవ్వడం వినబడింది. పదేళ్ళ కాపురంలో తనెప్పుడూ ఆవిడను అలా నవ్వించలేదు. అదీ ఓర్వలేకపోయింది.