నా నడుము జారింది బాత్రూంలో కాదు

అరవై ఏళ్ల వయసులో, గల్ఫ్‌లో హవల్లీ అనే పేటలో, లిఫ్ట్ లేని బిల్డింగుకు డబుల్ డోర్ ఫ్రిజ్‌ను ఒక్కణ్ణే వీపున వేసుకుని మూడో అంతస్తుకు ఎక్కించాను. దించగానే నడుములో ఏదో తప్పింది. ఎడమ కాల్లో నిప్పు పోసినట్టు మంట పాదం దాకా దిగింది.

నా వీసా ఇంటి డ్రైవరుది. కానీ కఫీల్, అంటే నన్ను తెచ్చుకున్న యజమాని, పిల్లల్ని బడిలో దింపాక నన్ను తన తమ్ముడి ఎలక్ట్రానిక్స్ షాపుకు పంపేవాడు, అరువిచ్చిన నిచ్చెనలాగా. చట్టం ఒప్పదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

పనడోల్ మాత్రలు మింగుతూ నెట్టుకొచ్చాను. కఫీల్‌తో "నడుము నొప్పి, బాబా" అంటే, "యల్లా, నడువు నడువు, ముసలోళ్లకు ఉండేదే" అన్నాడు. ఒకరోజు షర్క్ అనే పేటలోని చేపల మార్కెట్లో ఎడమ చెప్పు జారిపోయింది. కారు దగ్గరికి వచ్చేదాకా నాకు తెలియనే లేదు. పాదం పైకి లేవడం లేదు.

పక్కింట్లో వంట చేసే రాయచోటి ఖాదర్ బాషా గొడవ చేస్తే, కఫీల్ మా ఇద్దరినీ కారులో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు మోకాలు తట్టి చూసి, "బరువేమైనా ఎత్తావా? వర్క్ ఇంజ్యూరీనా?" అని హిందీలో అడిగాడు. పక్కనే నిలబడిన కఫీల్ నా భుజం గట్టిగా నొక్కాడు. షాపు మాటెత్తితే ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్, పోతుందని ఆ వేళ్లే చెప్పాయి. "బాత్రూంలో జారిపడ్డాను" అన్నాను. డాక్టరు అదే రాసుకున్నాడు.

ఎంఆర్ఐ తీశారు. ఎల్4-ఎల్5 డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందట. "ఫుట్ డ్రాప్ వచ్చేసింది. ముందే రావలసింది. ఆపరేషన్ చేసినా పాదం లేస్తుందని మాట ఇవ్వలేను" అన్నాడు. ఆపరేషన్‌తో మంట పోయింది, పాదం మాత్రం లేవలేదు. ఫిజియోథెరపీ మొదలైందో లేదో, కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్. మళ్లీ పడక.

ఆ పడక మీద ఉండగానే కఫీల్ ఫోన్ చేశాడు. "కొత్త డ్రైవర్ వచ్చాడు. నీకు ఖలాస్. టికెట్ తీస్తా."

కర్ర పట్టుకుని కార్మికుల ఫిర్యాదులు తీసుకునే ఆఫీసుకు పోయాను. పనిలో దెబ్బ తగిలింది, పరిహారం ఇప్పించండన్నాను. అధికారి ఆసుపత్రి రిపోర్టు చూసి, "బాత్రూంలో పడ్డానని నువ్వే చెప్పావు. బాత్రూంను మోయమన్నాడా నీ కఫీల్?" అన్నాడు. క్యూలో వాళ్లంతా నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను.

ఫ్రిజ్ సంగతి కాస్త పెంచాను లెండి. అది వాషింగ్ మెషీన్. పట్టింది ముగ్గురం, ఎక్కించింది మొదటి అంతస్తుకే. బరువు తగ్గిస్తే నా నొప్పి కూడా తక్కువనుకుంటారేమోనని.

ఇప్పుడు కడపలో ఉన్నాను. పాదానికి ప్లాస్టిక్ స్ప్లింట్ కట్టుకుని నడుస్తాను. డ్రైవరుగా ఎవరూ పెట్టుకోరు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఒకటే చెబుతాను. దెబ్బ ఎక్కడ, ఏ పనిలో తగిలిందో మొదటి డాక్టరుకే ఉన్నదున్నట్టు చెప్పండి. కఫీల్ పక్కనుంటే బయటికి పంపమని అడగండి.

ఇదంతా ఫోన్‌లో ఖాదర్ బాషాకు చదివి వినిపించాను.

"బాగుంది గానీ చిన్నాయనా, కఫీల్ నీ భుజం యాడ నొక్కినాడు? ఆయప్ప కారే దిగలేదు గదా! మనల్ని గేటు కాడ దించి పాయె. లోపలుండింది నువ్వూ, నేనూ, డాక్టరూ. ఆయన అడిగేది అయిపోకముందే నువ్వే బాత్రూం అంటివి. నిజం చెప్పు చిన్నాయనా అని నేనంటే, నోరు మూసుకోమంటివి."