చివరి నిమిషం నాదన్నారు

పగలు నేను రాజమండ్రిలో కరెంటాఫీసు గుమస్తాను. మా వీధిలో లైట్లు పోయాయండీ అని వచ్చినవాళ్లకి సర్దిచెప్పి పంపడం నా ఉద్యోగం. ఆదివారాలూ సెలవురోజులూ నాటకాలకి లైటింగ్ చేస్తాను. అంటే, సరైన సమయంలో లైట్లు తీసేయడం నా కళ. రెండుచోట్లా జనం నన్ను అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే. "లైటెప్పుడొస్తుందండీ?"

ఇరవై రెండేళ్లుగా ఈ కళాసేవ చేస్తున్నాను. గోదావరికి ఇటూ అటూ నాటిక పోటీలు జరిగిన ప్రతి ఊళ్లోనూ నా వేలు కాల్చిన బల్బు ఒకటుంటుంది. అయినా ఇన్నేళ్లలో ఒక్క దర్శకుడూ నన్ను ముందుగా పిలిచిన పాపాన పోలేదు. రచయితతో నెల్లాళ్లు కూర్చుంటారు. నటుల్ని జల్లెడ పట్టి ఏరుకుంటారు. సెట్టు ఏ రంగులో ఉండాలో తేల్చుకోవడానికి మూడు టీ కొట్లు మారతారు. అంతా అయిపోయాక పోటీకి ముందురోజు సాయంత్రం ఫోన్ చేస్తారు. "ఏవండీ, రేపు ఖాళీయేనా? కాస్త లైట్లు చూడాలి."

ఇల్లంతా కట్టేసి, గృహప్రవేశం రోజు పొద్దున్న మేస్త్రీని పిలిచి, "కాస్త పునాది చూడాలి" అన్నట్టుంటుంది.

అందుకే మేష్టారు పోటీకి ఆరు వారాల ముందే మా ఇంటికి వచ్చేసరికి నేను గోడ మీది క్యాలెండర్ చూసుకున్నాను. మేష్టారంటే మా బృందం దర్శకుడు. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. చేతిలో కడియం నర్సరీ నుంచి తెచ్చిన గులాబీ మొక్క. నాకు శాలువాలు కప్పినవాళ్లున్నారు గానీ మొక్క ఇచ్చినవాళ్లు లేరు. ఏదో పెద్ద ఆపదే వచ్చిందనుకున్నాను.

"పోలవరం ముంపులో ఇల్లు పోయే ఆడమనిషి కథండి" అన్నారు కూర్చుంటూనే. "సామానంతా ట్రాక్టర్‌కెక్కించేస్తారు. బయట్నుంచి అందరూ రమ్మని కేకలేస్తారు. ఈవిడ మాత్రం గుమ్మం మీద కూర్చుండిపోతుంది. ఒక్క నిమిషం. మాట లేదు, పాట లేదు. తర్వాత లేచి వెళ్లిపోతుంది, తెర. ఆ చివరి నిమిషం మీదండి. మీ లైటే మాట్లాడాలి."

నా నిమిషం! ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకంటూ దక్కిన మొదటి అరవై సెకన్లు. మేష్టారు గేటు దాటకముందే మా ఆవిడకి నేనే కాఫీ పెట్టి ఇచ్చాను. పెళ్లయ్యాక మా ఇంట్లో నేను స్టవ్ వెలిగించడం అదే ప్రథమం. ఆవిడ ఆ గ్లాసు పట్టుకుని, "ఒంట్లో బాగానే ఉందా?" అని నా నుదురు ముట్టుకుని చూసింది.

ఆ నిమిషానికి నా ఆలోచన చాలా చిన్నది. స్టేజీ మీద లైట్లన్నీ మెల్లగా తగ్గిపోవాలి. తలుపు వెనక నేలకి ఆనించి ఒకే ఒక్క దీపం. ఆ వెలుతురు గుమ్మం మీదుగా పాకి, ఆవిడ మొహంలో సగాన్నీ, గడపని తడిమే వేళ్లనీ తాకాలి. అంతే. మా ఇంటి గుమ్మం మీద మా ఆవిణ్ణి కూర్చోబెట్టి, వెనకనుంచి టార్చిలైటు వేసి మూడురోజులు సాధన చేశాను.

"ఇంక లేవచ్చా? పాలబ్బాయి చూస్తున్నాడు" అంది మూడోరోజు. మహాకళకి ఇంట్లో దొరికే ప్రోత్సాహం ఇంతే.

ఇక మొదలైంది నా నిమిషాన్ని కొరుక్కు తినడం.

మా రిహార్సల్సు ఆదివారాలు మధ్యాహ్నం, చర్చివాళ్ల బడి హాల్లో. పొద్దున ప్రార్థనలు అయిపోయాక బెంచీలు పక్కకి జరిపి మేము దిగేవాళ్లం. మొదటి ఆదివారం హార్మోనియం ఆయన గొంతు సవరించుకున్నాడు. మా బృందంలో మనుషుల్ని పనిపేరుతోనే పిలుచుకుంటాం. ఆయన మ్యూజిక్‌గారు, నేను లైటింగ్‌గారు.

"నిమిషం పాటు ఏమీ లేకుండా వదిలేస్తారాండీ? వెనకాల సన్నగా ఫ్లూటు..."

"వద్దండి" అన్నాను.

"సన్నగానేనండి. వినబడీ వినబడనట్టు."

"వినబడనప్పుడు ఎందుకండీ?"

మేష్టారు మధ్యలో అందుకున్నారు. "సన్నగా అయితే ఫర్లేదేమోనండి." మేష్టారికి ఎవరు ఏమన్నా ఫర్లేదు. ఆయన్ని దర్శకుడనడం కన్నా రావులపాలెం కూడలి అనడం న్యాయం. అన్ని బస్సులూ ఆగుతాయి, దేన్నీ కాదనరు. ఆ ఫ్లూటుని ఆపడానికి నేను పెట్టిన మొహం చూసి రెండు కుక్కలు హాల్లోంచి బయటికి వెళ్లిపోయాయి.

మేష్టారితో ఇంకో చిక్కుంది. ఆయన లైటుని వ్యాకరణంలో అడగరు, భావంలో అడుగుతారు.

"రెండో సీన్లో లైటు కాస్త ఆర్ద్రంగా ఉండాలండి."

"అంటే ఏ రంగండి?"

"రంగు కాదండీ. ఆర్ద్రత."

"ఎంత వెలుతురుండాలి? సగమా, పావా?"

"అది మీకే వదిలేస్తున్నాను. మూడో సీన్లో మాత్రం పశ్చాత్తాపపడాలి."

"ఎవరండీ?"

"లైటేనండి."

వెయ్యి వాట్ల బల్బుని పశ్చాత్తాపపడేలా చెయ్యడం ఎలాగో ఏ కంపెనీవాడూ పెట్టె మీద రాయడు. నేను పసుపు కాగితం తీసి లేత ఎరుపు కాగితం కట్టాను. "ఇదీ ఆవేదన!" అన్నారు. పశ్చాత్తాపం అడిగి ఆవేదనతో సరిపెట్టుకున్నందుకు నేను బతికిపోయాను.

మూడో ఆదివారం సెట్టింగ్‌గారు ఇల్లు తెచ్చాడు. చెక్క చట్రాలకి గుడ్డ కట్టి గోడలు చెయ్యడంలో ఆయన మొనగాడు. కానీ ఆ గోడకి వేసిన నీలం చూసి నాకు కళ్లు తిరిగాయి. ఆ నీలం ముందు కాకినాడ సముద్రం వెలిసిపోయిన లుంగీలా ఉంటుంది. పైగా ఆయిలు పెయింటు. చీమ కన్ను మిటకరించినా తళుక్కుమంటుంది.

"ఇదేంటండీ ఈ మెరుపు?"

"ముంపిల్లు గదండీ. నీళ్లొత్తాయని ముందే తెలిసిపోవాలి జనానికి" అన్నాడు గర్వంగా.

సరే, గోడని తర్వాత తిడదామని తలుపు తోశాను. కదల్లేదు. గట్టిగా తోశాను. ఇల్లంతా ఊగింది గానీ తలుపు రాలేదు.

"మేకులు కొట్టేసేనండి" అన్నాడు. "పోటీలో సెట్టు నిలబెట్టడానికి ఇరవై నిమిషాలే గదా ఇచ్చేది. తలుపు ఊగులాడితే అసయ్యంగా ఉంటాదని."

"నా దీపం తలుపు వెనక పెట్టాలయ్యా! అసలు ఆవిడ ఇంట్లోంచి ఎలా వెళ్తుంది?"

"పక్కనించి ఎల్తాదండి. మన నాటకాల్లో ఎవరెల్లేరండీ తలుపులోంచి?"

నిజమే. ఇరవై రెండేళ్లుగా మా నాటకాల్లో జనం గోడ పక్కనుంచే ఇళ్లలోకి వస్తున్నారు, పోతున్నారు. పటకారు తెప్పించుకుని ఆ మేకులు నేనే పీకాను. పదకొండు మేకులు. ఆనకట్టకి కూడా అన్ని కొట్టి ఉండరు.

అయిదో ఆదివారం మేష్టారు అతి వినయంగా నా దగ్గరికి వచ్చారు. దర్శకుడు వినయంగా వచ్చాడంటే ఏదో ఊడిపోతోందని అర్థం.

"ఒక్క మాటేనండి. ఆవిడ చివర్లో 'అమ్మా గోదారీ' అంటే ఎలా ఉంటుందంటారు?"

"నిమిషం నాదన్నారు కదండీ."

"మీదేనండి! మీ నిమిషంలో ఆవిడ మాట."

ఆయన జేబులోంచి కాగితం తీశారు. ఆ ఒక్క మాటా రెండు పేజీలుంది. నాకు ఒళ్లు మండిపోయింది. "అయితే ట్యూబులైటు వేసుకుని ఆడుకోండి" అని బయటికొచ్చేశాను. గేటు దాకా చాలా హుందాగా నడిచాను. అక్కడ స్కూటర్ తాళం కోసం జేబులు వెతికితే లేదు. లోపల, లైట్లు తగ్గించే డిమ్మర్ పెట్టె మీద ఉండిపోయింది. అలిగి వెళ్లిపోయినవాడు తాళంచెవి కోసం తిరిగి రావడంలో ఉన్న అవమానం పగవాడికి కూడా వద్దు.

నేను తిరిగి వెళ్లేసరికి మా కథానాయిక మేష్టారితో మాట్లాడుతోంది. ఆవిడ మిషనాసుపత్రిలో నర్సు. మేమంతా సిస్టర్‌గారంటాం. చర్చి గాయకబృందంలో ముందువరస ఆవిడదే, మా నాటికల్లో పదిహేనేళ్లుగా ముఖ్యపాత్రా ఆవిడదే. ఈ నాటిక కోసం తోటి నర్సులతో డ్యూటీలు మార్చుకుని మరీ వచ్చేది.

"ఆ మాటలు వద్దులెండి మేష్టారూ" అంటోంది. "ఇల్లు పోతుంటే ఎవరైనా అంత చక్కగా మాట్లాడతారాండీ?"

మేష్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "సరే. నిమిషం ఆయనదే. కానీ ఆ వెలుతుర్లో జడ్జీలకి మీ మొహం కనబడక ప్రైజు పోతే ఆ పాపం నాది కాదు" అని నావైపు చూశారు. నేను తాళంచెవి తీసుకుని కూడా వెళ్లలేదు. డిమ్మర్ దగ్గర కూర్చున్నాను. ఆవిడ గుమ్మం మీద కూర్చుంది. అరవై సెకన్లు. మేష్టారు కూడా దగ్గలేదు. ఆరోజు నా నిమిషం సర్వాంగసుందరంగా కుదిరింది.

పోటీ పిఠాపురం దాటాక ఒక ఊళ్లో. సాయంత్రం ఆరున్నరకి మాదే మొదటి నాటిక. ఇరవై నిమిషాల్లో సెట్టు నిలబెట్టాం. నిర్వాహకులు తెప్పించిన లైట్లలో సగం వెలిగేవి, సగం వెలిగినట్టు నటించేవి. నా దీపం నా సంచిలో ఉంది కాబట్టి నాకు దిగుల్లేదు. తలుపు వెనక నేలమీద పెట్టి, తలుపు తెరిచి, మూడుసార్లు చూసుకున్నాను.

నేను చూసుకోనిది ఒక్కటే. స్టేజీ ముందు వరసగా నాలుగు మైకులు పైనుంచి వేలాడుతున్నాయి. మా బడి హాల్లో మైకులుండవు. పోటీల్లో ఉంటాయి. పోటీ నాటకాల నటులకీ ఆ మైకులకీ ఉన్న బంధం తల్లీబిడ్డల బంధం కన్నా గట్టిది. తండ్రి చచ్చిపోతూ మంచం దిగి మైకు కిందికొచ్చి ప్రాణం వదలడం నేను కళ్లారా చూశాను. నేను ఎక్కడ వెలుతురు పెట్టినా వాళ్లు మైకు కింద చీకట్లోనే నిలబడతారు. ఇది నాకు తెలుసు. తెలిసీ ఆ చివరి నిమిషం గురించి భయపడలేదు. దానిలో మాటే లేదు కదా, మైకుతో ఏం పని?

నాటిక బాగా నడిచింది. ట్రాక్టర్ శబ్దం వచ్చింది. బయట్నుంచి కేకలు వినిపించాయి. మేష్టారు నా పక్కనే స్టూలు మీద కూర్చున్నారు. నేను డిమ్మర్ మీద వేళ్లు పెట్టి ఒక్కొక్క లైటూ దించాను. నీలం గోడ ఆరిపోయింది. తలుపులోంచి నా వెలుతురు వచ్చింది, గుమ్మం మీదుగా పాకింది, గడప మీద ఆగింది.

గడప మీద ఎవరూ లేరు.

"ఏవండీ, ఆవిడేదండీ?" మేష్టారు నా చెవిలో.

కళ్లు చికిలించి చూశాను. స్టేజీ ముందు, చీకట్లో, మైకు కింద నిలబడి ఉంది మహాతల్లి. మాట్లాడని నిమిషాన్ని మైకు దగ్గరికి తెచ్చి మరీ మాట్లాడకుండా ఉంది. పెద్ద స్పీకర్లలోంచి ఆవిడ ఊపిరి వినిపిస్తోంది. లోపలికి, బయటికి. మధ్యలో ఎక్కడో తట్టుకుని ఆగుతోంది.

అయిదు సెకన్లు. పది. ఆరు వారాలు ఒక గడప కోసం దెబ్బలాడాను, ఆ గడప ఖాళీగా వెలుగుతోంది. హాల్లో ఒక్కడూ ఈల వెయ్యలేదు. కరెంటు పోయిందని ఎవడూ అరవలేదు. అది కూడా నాకప్పుడు పట్టలేదు.

"లైటెయ్యండి బాబూ" మేష్టారు నా మోచెయ్యి గిల్లుతున్నారు. "జడ్జీలకి ఆవిడ కనబడట్లేదు. పాపం, డ్యూటీలు మార్చుకుని వచ్చిందండి."

ఇరవై సెకన్లు. చెయ్యి డిమ్మర్ మీద ఉంది. స్టేజీ ముందువైపు లైటు వేస్తే నా నిమిషం పోతుంది. వెయ్యకపోతే ఆవిడ కష్టం చీకట్లో కలిసిపోతుంది. ఇరవై అయిదు. వేశాను. ముందు లైటు మొత్తం పైకి తోసేశాను.

తెల్లటి వెలుగులో సిస్టర్‌గారు మైకు కింద కళ్లు చికిలించుకుంటూ నిలబడింది. వెనక నీలం గోడ భగ్గుమంది. ఊపిరి చప్పుడు టక్కున ఆగింది. ఒకాయన ఇదే ముగింపనుకుని చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడుకి తెర లాగేవాడు తెర లాగేశాడు. ఇరవై రెండేళ్లకి దక్కిన నా నిమిషాన్ని పాడుచేసినవాళ్ల జాబితాలో నేనే ఉన్నాను. తిట్టడానికి ఇంకో మొహం దొరకలేదు.

మేకప్ గదిలో మేష్టారు ఉత్సాహంగా ఉన్నారు. "సమయానికి లైటు పడింది, గట్టెక్కాం" అని కనబడినవాళ్లందరికీ చెబుతున్నారు. సిస్టర్‌గారు అద్దం ముందు కూర్చుని కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటోంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"అమ్మా, గుమ్మం మీద కదా కూర్చోవాలి?"

"కూర్చుందామనే వచ్చానండి. మైకు కనబడేసరికి కాళ్లు అటే వెళ్లిపోయాయి."

"మాట్లాడేదేం లేదు కదమ్మా!"

"మాట్లాడకపోతే మాత్రం వినబడొద్దాండీ?" అంది, ఇంజెక్షన్ నొప్పి పుడుతుందా అని అడిగిన రోగికి చెప్పినంత మామూలుగా. తర్వాత దూది పక్కన పెట్టి నావైపు తిరిగింది. "చీకట్లో ఉన్నంతసేపూ బాగుందండి. వెనక్కి తిరిగి చూస్తే ఖాళీ గుమ్మం కనబడింది. నిజంగానే ఇల్లు పోయినట్టనిపించింది. ఏడుపు దానంతటదే వస్తోంది. ఇంతలో మీరు లైటేశారు, ఆగిపోయింది. ఎందుకేశారండీ?"

మేష్టారు కిటికీలోంచి బయట ఏదో చాలా ముఖ్యమైనది చూస్తున్నారు. మేష్టారే వేయించారని చెప్పొచ్చు. కానీ చెయ్యి నాదే.

"భయమేసిందమ్మా" అన్నాను. "మీరు కనబడరేమోనని."

"ఇంకోచోట ఆడినప్పుడు వెయ్యకండేం?"

"వెయ్యను. మరి మీరు గుమ్మం దగ్గరుంటారా, మైకు దగ్గరుంటారా?"

ఆవిడ మళ్లీ దూది అందుకుంది.

"అది మాత్రం చెప్పలేనండి."