పట్టు విడిపించే మా ఆవిడ

మా ఆవిడ కేన్సర్ మందుల ల్యాబులో పనిచేస్తుంది. చిన్న పళ్ళేల్లో కేన్సర్ కణాలను పెంచడం, మందు వేయడం, కడిగి ఎన్ని ఊడాయో చూడడం ఆవిడ పని. కణానికి ఒంటినిండా బుల్లి చేతులుంటాయట, గ్రాహకాలంటారు. వాటితో పక్కనున్న దేన్నో ఒకదాన్ని పట్టుకునే అది బతుకుతుంది. మందు ఆ చేతులను కట్టేస్తుంది. పట్టు దొరకని కణాల్లో చాలావరకు వాటంతటవే చస్తాయి. ఇదంతా సరిగ్గా భోజనాల దగ్గరే చెబుతుంది మహాతల్లి. నాకు ముద్ద దిగదు.

ఆ రోజుల్లో మా తమ్ముడు మా ఇంట్లో తిష్ట వేశాడు. రెండు రోజులుండి పోతానని వచ్చినవాడు చలికాలమూ ఎండాకాలమూ రెండూ చూశాడు. వాడి మకాం మా అమ్మాయి గదిలో. పరీక్షలు నెత్తిమీదికొచ్చినా పిల్ల వంటగదిలో, కుక్కర్ కూతల మధ్య చదువుకునేది. ఈసారీ తప్పితే చదువే మానేస్తానంది. మా ఆవిడకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. మర్నాడే నడుం కట్టింది.

ముందు, పగలంతా వాడు దొర్లే సోఫాను మరమ్మతుకు పంపింది. వాడు నా పడక్కుర్చీకి మారాడు. టీవీ కనెక్షన్ తీయించింది. వాడు పక్కింటివాళ్ళ వైఫై సంపాదించాడు. ల్యాబులోనూ ఇదే తంతట. ఒక రకం చేతిని కట్టేస్తే కణం ఇంకో రకాన్ని బయటికి తీస్తుందట.

ఓ సాయంత్రం నేనూ వాడూ పేకాటలో ఉండగా మా ఆవిడ వచ్చి నిలబడింది.

"అసలు పట్టు ఎక్కడుందో తెలిసిందండీ," అంది. చూపు వాడి మీద లేదు, నా మీద ఉంది.

నాకు ఒళ్ళు మండింది. లోపలికి పిలిచి, సొంత తమ్ముణ్ణి పొమ్మనమంటావా అని ఎగిరాను. అక్కర్లేదు, మీరే నాలుగు రోజులు మీ అక్కయ్యగారింట్లో ఉండి రండి అంటూ సర్దిన పెట్టె చేతికిచ్చింది. అమ్మాయి వీధి తలుపు తీసి పట్టుకుంది.

నేను లేని ఇంట్లో వాడికి ముక్కలు పంచేవాడు లేడు, వెనకేసుకొచ్చేవాడు లేడు. ఇట్టే ఊడాడు. ఆ సంగతి నాకెవరూ ఫోన్ చేసి చెప్పనక్కర్లేకపోయింది. అక్క ఇంటి గుమ్మంలో పరుపుచుట్టతో వాడే ప్రత్యక్షమయ్యాడు.

మా ఆవిడకు ఫోన్ చేసి లబోదిబోమన్నాను. ఊడిన కణాలు కొన్ని అలాగే ఇంకోచోట అంటుకుంటాయని నవ్వింది. అమ్మాయి తన గదిలో, తన బల్ల దగ్గర హాయిగా చదువుకుంటోందట. మరి నేనెప్పుడు రావాలని అడిగాను.

"పరీక్షలయ్యాక. మీరొస్తే మీ తమ్ముడూ వస్తాడు."

వెనక్కి తిరిగి చూస్తే అక్క నా పెట్టె సర్దుతోంది.