ఫౌల్ కాని దూకుడు

శిల్ప తల్లిదండ్రులు పంటల కాలంలో బిజినేపల్లి చుట్టుపక్కల కూలికి పోయేవారు, ఎండాకాలం పూణేకు వలసపోయేవారు. అందుకే పిల్లను హాస్టల్లో వేశారు. అక్కడి పీఈటీ మొగులయ్య సార్ ఆమె కాళ్ళలోని ఊపు చూసి ట్రిపుల్ జంప్‌లో దించాడు. తన ఇంటి నుంచి ఉడికించిన గుడ్లు తెచ్చి తినిపించాడు. శిల్ప ఆయన్ను కన్నతండ్రి లెక్క చూసింది.

పరుగెత్తుకుంటూ వచ్చి తెల్ల బోర్డు మీద ఏ కాలు మోపి లేస్తే, మళ్ళీ ఆ కాలి మీదే దిగాలి. అది హాప్. అక్కడి నుంచి రెండో కాలి మీదికి వెళ్తే స్టెప్. ఆ కాలితో ఎగిరి ఇసుకలో పడితే జంప్. బోర్డు దాటి వేలి కొన పడినా ఫౌలే. మొదటి గెంతుకే ఆశపడి ఎత్తుగా లేస్తే, రెండోది పొట్టిదైపోయి మూడో దానికి ఊపు మిగలదు. ఇవన్నీ సార్ ఆమె ఒంటికి పట్టేదాకా నేర్పాడు.

వనపర్తిలో పెద్ద క్రీడల మీట్ జరిగింది. గెలిచిన పిల్లకు హైదరాబాద్ క్రీడా హాస్టల్లో సీటు. ఆఖరి ప్రయత్నంలో శిల్ప అంతకు ముందెన్నడూ దూకనంత దూరం దూకింది. కానీ స్టెప్‌లో వెనక వేలాడే కాలి మునివేళ్ళు నేలను గీరాయి. జడ్జి ఫౌల్ అంటూ ఎర్రజెండా ఎత్తాడు.

ఆమె సార్ వైపు చూసింది. సార్ మెడలోని విజిల్ తాడు సవరించుకుంటూ నిలబడ్డాడు. ఈలోగా ఇసుక చదును చేసేశారు. ఆమె పడ్డ గుర్తు పోయింది.

బస్సులో అడిగితే, "జర పొరపాటైంది బిడ్డా, కాలు తాకింది" అన్నాడు. ఆమె నమ్మింది. ఆ ఏడే చదువు ఆగింది. తర్వాత గద్వాల వైపు సతీష్‌తో పెళ్ళయింది. విత్తనాల కోసం పెంచే సీడు పత్తి చేలల్లో వంగి, సంకరం చేయడానికి పూలు గిల్లుతూ, తన కాలే తనను ముంచిందని ఏళ్ళ తరబడి తిట్టుకుంది.

ఒకరోజు ఫోన్లో ఏవో పోటీలు చూస్తుంటే, ఒక అమ్మాయి వెనక కాలు అలాగే నేలను రాసింది. తెల్లజెండా లేచింది. శిల్ప వెనక్కి జరిపి మళ్ళీ మళ్ళీ చూసింది. వెతికితే నియమం దొరికింది. వేలాడే కాలు తాకితే ఫౌల్ కాదు. జడ్జి తప్పు చేస్తే అప్పటికప్పుడు నోటితో అభ్యంతరం చెప్పొచ్చు, ఆడే పిల్ల అయినా చెప్పొచ్చు. ఆ సంగతి మాత్రం సార్ నేర్పలేదు. ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు.

ఈ ఏడు నాగర్‌కర్నూల్‌లో సార్ పదవీ విరమణ సన్మానం జరిగింది. పిలుపు వస్తే వెళ్ళింది. సార్ శాలువాతో మైకు ముందు నిలబడి ఆమెను చూపించి, ఆరోజు ఫౌల్ కాకుంటే ఈ బిడ్డ దేశానికి ఆడేదని అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

భోజనాల దగ్గర ఆమె తన విస్తరాకుతో ఆయన పక్కకు వెళ్ళి కూర్చుంది.

"సార్, గది ఫౌల్ కాదని మీకు గప్పుడే తెల్సా?"

ఆయన చేతిలోని ముద్ద ఆగింది. గొంతు తగ్గించి, "తెల్సు" అన్నాడు. "గా జడ్జి ఆటల సంఘంల పెద్ద మనిషి. ఎదురు చెప్తే మన హాస్టల్ పిల్లల్ని మల్ల పోటీలకు రానిచ్చెటోడు కాదు. గిప్పుడు అడిగితే ఏమొస్తది బిడ్డా?"

"ఏం రాదు సార్. మైకుల ఫౌల్ అన్నరు గదా. కాదని గదే మైకుల ఒక్కసారి చెప్పుండ్రి."

ఆయన పందిట్లోకి చూశాడు. "జనం తింటుండ్రు గదా" అన్నాడు.

శిల్ప ఆకులో ఉన్నది తినేసి చేయి కడుక్కుంది. ఫొటో కోసం ఎవరో పిలుస్తున్నా ఆగకుండా బస్టాండుకు నడిచింది.

ఇంటికి చేరాక, సన్మానం ఎట్ల జరిగిందని సతీష్ అడిగాడు.

"మంచిగనే జరిగింది" అంది. కొడవలి, నీళ్ళ సీసా మరుసటి రోజు కోసం గుమ్మం పక్కన పెట్టి పడుకుంది. తర్వాత సార్ రెండు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు.