పద్నాలుగు వేల ర్యాంకు

ఎంసెట్ ఫలితాలు వచ్చిన రోజు నేనూ నా స్నేహితురాలూ చంద్రగిరి కోటలో, రాజమహల్ ఎదుట పచ్చికలో పడుకుని ఉన్నాం. ఆ పరీక్ష పేరు అప్పటికే మారిపోయింది గానీ మా వైపు అందరూ ఎంసెట్ అనే అంటారు. ఇంట్లో ఉంటే పక్కింటివాళ్లు వచ్చి కూర్చుని నా ముఖమే చూస్తుంటారని, పొద్దున్నే టికెట్లు తీసుకుని ఇద్దరం లోపలికి వచ్చేశాం.

నా స్నేహితురాలిది గూడూరు. వాళ్ల నాయన అక్కడ నిమ్మకాయల మండీలో గుమాస్తా. ఇంటర్ చదవడానికి చంద్రగిరిలో పిన్నమ్మ ఇంటికి వచ్చింది. ఆ ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. రెండేళ్లూ ఒకే బస్సులో తిరుపతికి వెళ్లి, ఒకే బెంచీ మీద కూర్చుని, మళ్లీ ఒకే బస్సులో తిరిగొచ్చాం. మార్కులు పోల్చి చూసుకోవడం మాకు అన్నం తిన్నంత అలవాటు. వారం వారం పెట్టే పరీక్షల పేపర్లు చేతికి రాగానే బస్సులోనే విప్పి ఒకదాని పక్కన ఒకటి పెట్టుకునేవాళ్లం. నాకు ఎక్కడ పోయిందో తను వెతికేది, తనకు ఎక్కడ పోయిందో నేను వెతికేదాన్ని. ఇంటర్ ఫలితాల్లో తనకు తొమ్మిది వందల అరవై ఒకటి, నాకు తొమ్మిది వందల ముప్పై ఎనిమిది వచ్చాయి. "ఇంగ్లీషులో పోగొట్టుకున్న్యావు మే, లేకుంటే ఇద్దరం సమానమే" అని ఆ రోజు తనే నన్ను సముదాయించింది.

కోటలో ఆ పొద్దు ఎండ వస్తూ పోతూ ఉంది. గాలి గుట్ట మీంచి దిగి పచ్చికను దువ్వుకుంటూ పోతోంది. కోట వెనక బండల గుట్ట మీద మబ్బుల నీడలు మెల్లగా పాకుతుంటే, చూస్తూ చూస్తూ ఉండగా గుట్టే నడుస్తోందేమో అనిపించేది. మహల్ కిటికీల్లోంచి పావురాలు ఒక్కొక్కటే బయటికి వచ్చి, కాస్త తిరిగి, మళ్లీ అదే కిటికీలోకి దూరేవి. మా ఫోన్లలో సైటు తెరుచుకోలేదు. తెల్లటి తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. దాన్ని చూసి చూసి నాకు కన్ను మూతపడింది.

ఆ కాసేపట్లోనే ఒక కల వచ్చింది. పెద్ద హాలు, నిండా ఇంజనీరింగ్ డ్రాయింగ్ బల్లలు, ఒక్క మనిషి లేడు. ఎక్కడో మా నాయన దగ్గు వినిపిస్తోంది. ఏ బల్ల నాదో నాకు తెలుసు, కానీ అక్కడికి నడిచే కొద్దీ హాలు పొడుగవుతూ పోతోంది. భయమేమీ వెయ్యలేదు. నడవడం బాగుంది.

"వచ్చిందిమే, నాది వచ్చింది" అని తను నా భుజం పట్టి ఊపింది. లేచి చూశాను. తన ర్యాంకు పన్నెండు వేల చిల్లర. తను నవ్వలేదు, ఏడవలేదు, ఫోన్‌ను గుండెకు ఆనించుకుని వెల్లకిలా పడుకుని ఆకాశాన్ని చూస్తూ ఉండిపోయింది. నేను నా ఫోన్ తీశాను. ఇంకా నిద్ర వదల్లేదు. అంకెలు కనిపించాయి.

"నీది ఎంతమే?"

"పద్నాలుగు వేలు" అన్నాను.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నా కళ్లకు నిజంగా అలాగే కనిపించింది. తను ఒక్కసారిగా లేచి నన్ను పట్టుకుని పచ్చికలో దొర్లింది. తన జడ నా ముఖం మీద పడింది. ఆ జడ పక్కనుంచి మళ్లీ ఫోన్ చూశాను. మొదటి అంకె నాలుగు, రెండోది ఒకటి. నలభై ఒక్క వేలు.

అప్పుడే చెప్పి ఉండొచ్చు. "ఆగుమే, తప్పు చదివినాను" అంటే సరిపోయేది. కానీ తను అప్పటికే మాట్లాడుతోంది. తిరుపతిలో యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో పోయినేడు చివరి ర్యాంకు ఎంతకు ఆగిందో తనకు నోటికి వచ్చు. "నాకొచ్చిందంటే నీకూ వచ్చినట్టే. ఒకే హాస్టలు, ఒకే రూము" అంటోంది. ఆ మాటలు వింటుంటే ఒళ్లంతా తేలికైంది. ఇంకొక్క నిమిషం విని చెబుదామనుకున్నాను. ఆ నిమిషం దాటాక ఇంకొకటి. మబ్బుల నీడ మా మీదుగా దాటి మహల్ మెట్ల మీదికి పోయేసరికి చెప్పే వేళ దాటిపోయింది.

ఇంటికి వెళ్లగానే తనే మా అమ్మతో చెప్పేసింది. "అత్తా, ఇద్దరికీ తిరుపతిలోనే సీటు. ఇంక నీకు దిగుల్లేదు." మా అమ్మ కుట్టుమిషను ఆపి నా తల మీద చెయ్యి పెట్టింది. సాయంత్రం నాయన పని నుంచి వచ్చాడు. ఆయన గోడలు కట్టే మేస్త్రీ. అప్పట్లో తిరుపతిలో ఒక లాడ్జి పని నడుస్తోంది. చేతులకు సిమెంటు అలాగే ఉంది. అమ్మ చెప్పింది విని, కడుక్కోకుండానే వచ్చి నా ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"పద్నాలుగు వేలంటే మంచిదేనా పాపా?"

"మంచిదే నాయనా" అన్నాను.

మర్నాడు ఆయన లాడ్జి కట్టించే పెద్దమనిషితో, కూలీలతో, టీ కొట్లో కనిపించిన ప్రతివాళ్లతో చెప్పుకున్నాడట.

ఆ తర్వాత మూడు వారాలు ఎలా గడిచాయో ఇప్పుడు తలుచుకుంటే, నీళ్ల అడుగున నడిచినట్టు ఉంటుంది. రోజూ సాయంత్రం తను మా మిద్దె మీదికి వచ్చేది. మేం ఇంకా చూడని గదిని మాటలతో సర్దుకునేవాళ్లం. ఎవరి మంచం ఎటు, ఫ్యాను ఎవరికి తగలాలి, ఊరగాయ ఎవరింటి నుంచి రావాలి. తను గూడూరు నుంచి నిమ్మకాయ ఊరగాయ తెస్తానంది. నేను అమ్మ పట్టే చింతకాయ తొక్కు అన్నాను. ఆదివారాలు అలిపిరి దాకా నడిచిపోదామనుకున్నాం. నాలుగో ఏడు పెద్ద కంపెనీలు ఇంటర్వ్యూలకు వచ్చినప్పుడు ఏ రంగు చుడీదార్ వేసుకోవాలో కూడా తేలిపోయింది. ఒక్కోసారి మాట్లాడుతూ మాట్లాడుతూ నాకే ఆ గది నిజమైపోయేది. తలుపుకు గడియ సరిగా పడదని, పైకి ఎత్తి నెట్టాలని నేను చెప్పాను. తను తల ఊపింది, తనకూ ఆ సంగతి తెలిసినట్టే.

తను వెళ్లిపోయాక మాత్రం ఆ గది ఉండదని గుర్తొచ్చేది. సీట్ల లెక్క మాకు తెలియనిది కాదు. నలభై ఒక్క వేలకు ఆ కాలేజీలో ఏ బ్రాంచీ రాదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఫోన్లో ర్యాంకు కార్డు తీసి, ఆ రెండు అంకెల మీద వేలు పెట్టి చూసేదాన్ని.

ఆప్షన్లు పెట్టుకునే రోజులు వచ్చాయి. ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని వరసగా పెట్టాలి. మా ఊళ్లో నెట్ సెంటర్ నడిపే అన్న దగ్గరకే అందరూ వెళ్లేవాళ్లు. నంబరు కొట్టగానే తెర మీద పెద్ద అక్షరాలతో ర్యాంకు వస్తుంది. తను రేపు ఇద్దరం పోదామంది. నేను జ్వరమన్నాను. మర్నాడు మళ్లీ పిలిస్తే ఇంకా తగ్గలేదన్నాను. మూడో రోజు సాయంత్రం తను నేరుగా ఇంటికే వచ్చి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"మిద్దె మీదికి పోదాం రా" అంది.

పైన అమ్మ వడియాలు ఆరబెట్టిన గుడ్డ ఇంకా పరిచే ఉంది. దాని అంచున కూర్చున్నాం. తను ఒక వడియాన్ని గోటితో గీకింది. తర్వాత, "నీ హాల్ టికెట్ నంబరు నా ఫోన్లో ఉండాది" అంది.

నాకు అర్థమైంది.

"ఫలితాలొచ్చిన పొద్దే, ఇంటికి పోయినాక సూసినాను. మా అమ్మకు ఇద్దరి ర్యాంకులూ పంపిద్దామని కొట్టినాను. నలభై ఒకటి అని వచ్చింది. నేనే నంబరు తప్పు కొట్టినానేమోనని మళ్లా కొట్టినాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్పేదాకా ఆగుదామనుకున్న్యా. తరవాత తరవాత, చెప్పకుంటేనే బాగుండునని కూడా అనిపించిందిమే." తను నా వైపు చూడకుండా చెప్పింది. "ఆడ నాకెవురు తెలుసు? ఒక్కదాన్నే పోవల్ల. నువ్వు రావని తెలిసీ రూము గురించి మాట్లాడితే, కొంచేపు వస్తావన్నట్టే ఉండింది."

అప్పుడు ఏడ్చాను. తను కూడా ఏడ్చింది. నాకు సిగ్గుగానూ ఉంది, హాయిగానూ ఉంది. మూడు వారాలు నేనొక్కదాన్నే మోస్తున్నానని అనుకున్నది ఇద్దరం మోశామన్నమాట. "మొదట నిజంగానే తప్పు చదివినాను, నమ్ముతావా?" అని అడిగాను. నమ్ముతానంది. ఈ రోజుకీ నాకు తెలీదు, నమ్మిందో లేక నా కోసం అలా అందో.

"నాయనకు చెప్పల్ల గదా" అంది తను.

"చెప్పల్ల."

"నేనుండేదా, పోయేదా?"

ఉండమన్నాను.

నాయన వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. పెరట్లో తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నేను వెనక నిలబడి, "నాయనా, నా ర్యాంకు పద్నాలుగు వేలు కాదు, నలభై ఒక్క వేలు" అన్నాను. ఆయన చేతులు ఆగాయి. నీళ్లు మాత్రం చెంబులోంచి పడుతూనే ఉన్నాయి. అమ్మ వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. నేను మొత్తం చెప్పాను. కోటలో నిద్రపోవడం, ఫోన్ చూడటం, తర్వాత చెప్పకపోవడం. ఎందుకు చెప్పలేదో మాత్రం సరిగా చెప్పలేకపోయాను.

ఆయన చెంబు కింద పెట్టి తువ్వాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "కొలిచే టేపు అటు నుంచి పట్టుకుంటే అంకెలు తారుమారుగానే కనపడతాయి. మాక్కూడా అయితాది" అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, "కానీ పాపా, తప్పు కొలిచినామని తెల్సినాక గోడ కడతా పోకూడదు. మళ్లా ఇప్పల్సి వస్తాది. అదొకటే నువ్వు చేసిన తప్పు" అన్నాడు.

"నలుగురికీ చెప్పుకున్నావు గదా నాయనా."

"చెప్పినాను. రేపు మళ్లా చెప్తాను. ఏముండాది దాంట్లో."

అన్నాడు గానీ, ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు. రెండు ముద్దలు తిని మజ్జిగ తాగి లేచాడు. అది నేను మర్చిపోలేదు. నా స్నేహితురాలు గోడకు ఆనుకుని చివరిదాకా కూర్చుంది. అమ్మ ఆ పిల్ల కంచంలో ఇంకొంచెం కూర వేసి, "నువ్వన్నా తినుమే" అంది.

మర్నాడు ఇద్దరం నెట్ సెంటర్‌కి వెళ్లాం. తన ఆప్షన్లు ముందు పెట్టాం. పది నిమిషాల్లో అయిపోయింది. నావి పెట్టడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. నెట్ సెంటర్ అన్న పోయినేడు చివరి ర్యాంకుల కాగితాలు ఇస్తే, తను కింద కూర్చుని వాటిని నేల మీద పరిచి, పెన్నుతో ఒక్కొక్కటే గీస్తూ చదివింది. "ఇది నీకు రాదు. ఇది రావచ్చు. ఇది దూరం, వద్దు. ఇది చిత్తూరు దగ్గర, కాలేజీ బస్సు లేకున్నా ఆర్టీసీ బస్సు ఉండాది, పెట్టు." బస్సులో మా పరీక్ష పేపర్లు చూసినప్పటి గొంతే అది. ఆ గొంతు వింటూ తను చెప్పిన వరసలో నేను నొక్కుతూ పోయాను. బయట వాన మొదలైంది. రేకుల మీద చినుకుల చప్పుడులో తన మాట సగమే వినపడేది. వినపడకపోయినా తల ఊపేదాన్ని.

తనకు తిరుపతిలో కంప్యూటర్స్ వచ్చింది. నాకు చిత్తూరు దగ్గర కాలేజీలో ఎలక్ట్రికల్ వచ్చింది. నా మెసేజ్ చదివి తనే ముందు ఫోన్ చేసింది. "కరెంటు నీది, కంప్యూటరు నాది" అంది. ఆ తర్వాత కూడా ఇద్దరం ఫోన్ పెట్టలేదు. అటువైపు వాళ్ల పిన్నమ్మ ఇంట్లో కుక్కర్ విజిల్ వినిపించింది.

చదువైపోయి ఇప్పుడు నేను చిత్తూరులోనే పని చేస్తున్నాను. తను నాయుడుపేట వైపు ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని చూస్తుంది. నెలకోసారి మాట్లాడుకుంటాం, ఒక్కోసారి రెండు నెలలకు. ర్యాంకు మాట మళ్లీ ఎప్పుడూ రాలేదు.

కాలేజీలో చేరిన రోజు నాయన పనికి సెలవు పెట్టి నాతో వచ్చాడు. చంద్రగిరిలో బస్సెక్కాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, దాని జేబులో నా సర్టిఫికెట్ల జిరాక్సులు మడిచి పెట్టుకున్నాడు. కాశిపెంట్ల దాటేదాకా చేతి పని వదలని మనిషిలా కిటికీలోంచి ప్రతి కొత్త కట్టడాన్నీ చూసి, "పునాది ఎత్తు చాలదు", "ఆ రాయి బాగుండాది" అని చెబుతూ వచ్చాడు. ఆ తర్వాత మాట తగ్గింది. పూతలపట్టు చేరేలోపే నిద్రపోయాడు. తల మెల్లగా నా భుజం మీదికి ఒరిగింది. ఇరుపక్కలా కాయ దిగిపోయిన మామిడి తోటలు, మధ్య మధ్య గుండ్రటి బండల గుట్టలు వెనక్కి పోతున్నాయి. వాన కడిగిన ఆకుల మీద వెలుతురు ఆడుతోంది. దిగాల్సిన చోటు వస్తోందని కండక్టర్ కేకేశాడు. ఇంకా రెండు మలుపులున్నాయి. అవి దాటాక లేపుదాంలే అని నేను కదలకుండా కూర్చున్నాను.